చక్రం మాది, దారి ఎవరిది?

పంక్చర్లేసుకునేవాళ్ళంటారు మమ్మల్ని. ఈ మాట కొత్తది కాదు. బడిలో మా పిల్లల్ని ఏడిపించటానికీ, సెల్‌ఫోన్లలో జోకులేసుకుని నవ్వుకోటానికీ చాలా ఏళ్ళుగా వాడుతున్నదే. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో దేశ ప్రధాని కూడా ఆ మాటే ఎత్తుకున్నారు. వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం కుర్రవాళ్ళకు సైకిల్ పంక్చర్లు వేసుకుని బతికే గతి పట్టేది కాదన్నారు. వక్ఫ్ భూములు ఎవరు తిన్నారన్నది వేరే తగువు. ఆ తగువు మా పెద్దలతో మాకూ ఉంది. ఇక్కడ మేం అడగదలుచుకున్నది వేరు. పంక్చరు వేయటం సిగ్గుపడే పని ఎప్పట్నుంచి అయింది?

ట్యూబును నీళ్ళతొట్లో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో కనిపెట్టి, గీకి, సొల్యూషన్ పూసి, ప్యాచీ అంటించి, గాలి కొట్టి మీ బండి మీకిచ్చిన చెయ్యి అది. ఆ చేతికి నల్లగా అంటుకున్నది గ్రీజు. పాపం కాదు. మీరు ఆఫీసుకు వేళకు చేరారంటే, మీ పంట యార్డుకు చేరిందంటే, మీ అమ్మాయి పరీక్ష హాలుకు చేరిందంటే దారిలో ఎక్కడో ఒక సాయిబు కొట్టు తెరిచి ఉంది. మాకు సిగ్గు పంక్చరు గురించి లేదు. కోపం ఉంది. చక్రం మా చేతికిచ్చి, దారి గీసే సుద్దముక్క మాత్రం మాకు అందకుండా పెట్టుకున్నారన్న కోపం. ఆ కోపం గురించే ఈ వ్యాసం.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, ఎర్రగొండపాలెం, దోర్నాల. ఈ పడమటి ప్రకాశంలో మా బతుకుల్ని చక్రం నుంచి విడదీసి చెప్పలేం. మా తాతలు జట్కాలు తోలారు. మా నాయనలు రిక్షాలు తొక్కారు, లారీల మీద క్లీనర్లుగా పోయి డ్రైవర్లుగా తిరిగొచ్చారు. మా అన్నలు టింకరింగు, వెల్డింగు, లేతు మిషను నేర్చారు. మా తమ్ముళ్ళు ఆటోలు నడుపుతున్నారు. 2007లో ముస్లింలలో వెనకబడ్డ కులాలకు రిజర్వేషన్ ఇస్తూ తయారు చేసిన జాబితా తిరగేసి చూడండి. అందులో తురక కాశలుంటారు, పత్తర్ ఫోడ్లుంటారు. రాయి కొట్టటమే కులవృత్తిగా బతికిన సాయిబులు వాళ్ళు. అంటే దారికి రాయి కొట్టే దగ్గర్నుంచి ఆ దారి మీద పోయే చక్రానికి గాలి కొట్టే దాకా మేం ఉన్నాం. ఆ దారి ఎటు పోవాలో తేల్చే బల్ల దగ్గర మాత్రం మేం లేం.

రైలు సంగతే చూడండి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నల్లమల కొండల్ని తొలిచి గుంతకల్లు నుంచి గుంటూరు వైపు మీటర్‌గేజి లైను వేసింది. గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపూర్ రోడ్, దొనకొండ ఆ లైను మీది స్టేషన్లే. ఊరి పేరు పక్కన రోడ్ అని తగిలించారంటే స్టేషను ఊరికి ఎడంగా ఉందని రైలువాళ్ళ లెక్క. ఆ ఎడమే మాకు కూడు పెట్టింది. రైలు దిగిన మూటనీ, ముసలమ్మనీ, బాలింతనీ ఊళ్ళోకి చేర్చింది మొదట జట్కా, తర్వాత రిక్షా, ఇప్పుడు ఆటో. 1990లలో లైను బ్రాడ్‌గేజి అయింది. తర్వాత కరెంటు ఇంజన్లొచ్చాయి. రెండో లైను పని కూడా మొదలెట్టారు. స్టేషను బయట మాత్రం ఆటోవాడు ఇంకా ఎండలోనే నిలబడి ఉన్నాడు.

స్టేషను లోపల మేం ఎంతమందిమి? 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఆ లెక్క చెప్పింది. భారతీయ రైల్వే ఉద్యోగుల్లో ముస్లింలు 4.5 శాతం. ఆ కొద్దిమందిలో నూటికి 98.7 మంది కింది స్థాయి పనుల్లోనే ఉన్నారు. అదే నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది. ముస్లింలు ఎక్కువగా ఉండే గ్రామాలకు పక్కా రోడ్లూ బస్‌స్టాపులూ సరిగా అందలేదన్నది. ఆ కమిటీ వేసింది ప్రభుత్వమే, అచ్చేసింది ప్రభుత్వమే. మాటిమాటికీ మమ్మల్ని బుజ్జగిస్తున్నారని గోలపెట్టే పెద్దమనుషులారా, మీరు చెప్పే ఆ బుజ్జగింపు ఏ బస్సులో వస్తున్నదో, ఏ స్టాపులో దిగుతున్నదో కాస్త చెప్పండి.

'బస్సురూటు గీయటం ఇంజనీర్ల పని కదా, అందులో మతమేమిటి, రాజకీయమేమిటి' అని మా లౌకిక మిత్రులు కొందరు చిరాకుపడతారు. వాళ్ళకు మా పాత జిల్లా కథ గుర్తు చేస్తాం. 1970 దాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆ కర్నూలు జిల్లాలో బస్సురూట్ల జాతీయకరణ మీద ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయారు. రాజకీయ ప్రత్యర్థుల్ని దెబ్బతీయటానికే మిగతా జిల్లాలకంటే కర్నూలును ముందుకు జరిపారని వాళ్ళ ఆరోపణ. 1964లో కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆరోపణలకు ముఖ్యమంత్రి జవాబు చెప్పలేదని ఎత్తిచూపింది. నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయింది బస్సురూట్ల దగ్గర! బస్సురూటులో రాజకీయం లేదని ఇంక ఎవరైనా అనగలరా?

జాతీయకరణ తప్పని మేం అనటం లేదు. ఆర్టీసీ ఎర్రబస్సు రాకపోయి ఉంటే మా పల్లెల్లో చాలామంది పిల్లలు హైస్కూలు గడప తొక్కేవాళ్ళు కాదు. మేం చెప్పేది వేరు. ఆ తగువులో ఒకవైపు బస్సుల ఆసాములున్నారు, ఇంకోవైపు పదవుల ఆసాములున్నారు. టాపు మీద మూటలు సర్దే క్లీనరు ఏ వైపూ లేడు. చెట్టు కింద బస్సుకోసం చూసే కూలిమనిషి ఏ వైపూ లేదు. రూటు మీద గొడవ ఎప్పుడొచ్చినా ఆసాములిద్దరూ గుర్తుంటారు. ఎక్కేవాళ్ళూ తోలేవాళ్ళూ గుర్తుండరు.

1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. మమ్మల్ని కర్నూలు నుంచి తీసి ఒంగోలుకు కట్టారు. మార్కాపురం నుంచి ఒంగోలు వందకు దగ్గర కిలోమీటర్లు. గిద్దలూరు నుంచయితే దాదాపు 150. మా ఊళ్ళమీదుగా పోయే రైలు గుంటూరు పోతుంది, నంద్యాల పోతుంది. ఒంగోలు మాత్రం పోదు. ఒక అర్జీ కోసం, ఒక సంతకం కోసం తెల్లారుజామున బస్సెక్కి పొదిలి, చీమకుర్తి దాటుకుని పోవాలి. సారు మీటింగులో ఉన్నాడంటే రాత్రికి తిరిగి రావాలి. పలకల ఫ్యాక్టరీలో దినకూలికి పనిచేసే మనిషికి అది ఒకరోజు కూలి, రెండు టిక్కెట్లు, ఒక పూట పస్తు. జీతగాడికి అదే ప్రయాణం టీయే, డీయే. ఒకే దూరం ఇద్దరికీ ఒకటి కాదు. యాభై అయిదేళ్ళు మేం ఆ దూరాన్ని కూలి డబ్బులతో కొలిచాం.

2025 నవంబరులో మార్కాపురం జిల్లాకు ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ఏడాది చివర్లో ఖరారు చేసింది. ఈ జిల్లా కోసం రోడ్డెక్కిన వాళ్ళలో మేమూ ఉన్నాం. సంతోషమే. ఇప్పుడు ఊరు పెరుగుతుంది. కలెక్టరాఫీసు, ఎస్పీ ఆఫీసు, కోర్టులు, కొత్త రోడ్లు, కొత్త వెంచర్లు వస్తాయి. ఇట్లాంటప్పుడు పెద్దల నోట వినపడే మాటలు ఎప్పుడూ ఒకటే. బైపాసు, రింగురోడ్డు, నాలుగు వరసలు, విస్తరణ. ఫుట్‌పాత్ అన్న మాట వినపడదు. టౌన్ బస్సు అన్న మాట వినపడదు. ఆటోస్టాండు అన్న మాట వినపడితే అది తీసేయాలన్న సందర్భంలోనే వినపడుతుంది.

మా భయం ఇదీ. ఆఫీసుల్ని ఊరికి అయిదారు కిలోమీటర్ల అవతల పొలాల్లో కట్టారనుకోండి. దాని చుట్టూ భూములు కొన్నవాడు బాగుపడతాడు. కారున్నవాడికి పది నిమిషాలు. గిద్దలూరు అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చి బస్టాండులో దిగిన ముసలామెకు? ఒంగోలు దూరం తగ్గినట్టే తగ్గి, చివరి అయిదు కిలోమీటర్ల దగ్గర మళ్ళీ మొదటికొస్తుంది. జిల్లా వచ్చింది, కలెక్టరాఫీసు మాత్రం దూరంగానే ఉంది అన్నట్టవుతుంది.

మా ప్రాంతం మీదుగా జాతీయ రహదారులు పోతున్నాయి. 544డి అనంతపురం వైపు నుంచి గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరు పోతుంది. 565 నకిరేకల్ నుంచి మాచర్ల, ఎర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదుగా తిరుపతి వైపు పోతుంది. రోడ్డు వెడల్పు కావటం మాకు ఇష్టమే. ఆ రోడ్డు మీదే కదా మేం బతికేది. రోడ్డు వెడల్పయినప్పుడల్లా ముందు లేచిపోయేది మా మెకానిక్ షెడ్డు, మా టీబంకు, మా పండ్ల బండి. వెనక ఉన్న మేడకు మార్కింగు ఎక్కడ వేయాలన్న దాని మీద ఏళ్ళ తరబడి చర్చ నడుస్తుంది. బంకుకు చర్చ ఉండదు. తెల్లారేసరికి ఉండదు, అంతే.

ఈ దేశంలో కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. సచార్ నివేదిక వచ్చిన 2006లోనే, ఏప్రిల్‌లో, జాతీయ పట్టణ రవాణా విధానం వచ్చింది. నగరాల్లో కదలాల్సింది మనుషులు, వాహనాలు కాదు అన్నది దాని సారం. నడిచేవాళ్ళకూ, సైకిలు తొక్కేవాళ్ళకూ, బస్సెక్కేవాళ్ళకూ రోడ్డులో న్యాయమైన వాటా ఉండాలన్నది. మేం అడుగుతున్నదీ అదే కదా! ఒక కాగితం మేం ఎక్కడున్నామో చెప్పింది. ఇంకో కాగితం రోడ్డు ఎవరికోసమో చెప్పింది. ఇరవై ఏళ్ళయినా ఈ రెండు కాగితాల్ని ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి చదివినవాడు లేడు.

2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ అన్న పథకానికి ఆమోదం తెలిపింది. 57,613 కోట్ల అంచనా, 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు, 169 నగరాలు. 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటిన నగరాలే అసలు గురి. ఆ లెక్కల్లో మార్కాపురం జనాభా 71 వేలు. గిద్దలూరు, కనిగిరి ఇంకా చిన్నవి. అంటే మావి ఊళ్ళే కానీ రవాణా ప్లాను వేయదగ్గ ఊళ్ళు కావు. మూడు లక్షల మంది ఒకచోట చేరి పొగలో దగ్గేదాకా ఆగి అప్పుడు మందు పోస్తారట. ఊరు చిన్నగా ఉన్నప్పుడు, దారులు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు, తక్కువ డబ్బుతో అయ్యే పని అది. పలక మీద గీత తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీయొచ్చు. సిమెంటు పోసిన తర్వాత తుడవలేరు. పలకల ఊరివాళ్ళం, ఈ మాత్రం మాకు తెలుసు.

ఇప్పుడు ఈ ఊళ్ళల్లో జనాన్ని తిప్పుతున్నదెవరు? షేరాటో. స్టేషను నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి ఆసుపత్రికి, ఊరి నుంచి పలకల ఫ్యాక్టరీలకు, తెల్లారకముందే మిరపకోతలకు షేరాటోనే దిక్కు. పేరు లేని టౌన్ బస్సు అది. ప్రభుత్వం దాని మీద పైసా పెట్టుబడి పెట్టలేదు. పెట్టుబడి మా వాడిది. ప్రైవేటు ఫైనాన్సు దగ్గర అప్పు మా వాడిది. డీజిలు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, చలానా మా వాడివి. రోడ్డు మీద నిలబడితే 'ట్రాఫిక్కుకు అడ్డం', నడిపితే 'ఓవర్‌లోడు'. ముగ్గురెక్కాల్సిన బండిలో పదిమందిని ఎక్కించటం ప్రమాదమే. ఆ పదిమందిలో మా చెల్లెళ్ళూ ఉంటారు, బోల్తా పడితే చచ్చేది వాళ్ళూ. కానీ ముగ్గురితో బండి నడిపితే వడ్డీ కూడా రాదు. పదకొండో మనిషికి ఇంకో బండి రాదు. ఈ లెక్కను సరిచేయకుండా కేసులు మాత్రం రాస్తూ పోతే ప్రమాదాలు తగ్గవు, మామూళ్ళు పెరుగుతాయి.

ఇక ఉచిత బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు దగ్గర్నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో టిక్కెట్టు లేదు. తెలంగాణలో అది 2023 డిసెంబరులోనే మొదలైంది. మేం దీన్ని ఆహ్వానిస్తున్నాం. గట్టిగా, ఏ సణుగుడూ లేకుండా ఆహ్వానిస్తున్నాం. మొగుడి జేబు వైపు చూడకుండా ఒక ముస్లిం ఆడమనిషి పుట్టింటికో, ఆసుపత్రికో, కాలేజీకో బయల్దేరిందంటే అది చిన్న సంగతి కాదు.

కానీ అదే రోజునుంచి ఆటోల్లో సీట్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు పత్రికల్లో, టీకొట్లలో ఒక తగువు లేవదీశారు. ఆడవాళ్ళ బస్సా, ఆటోవాళ్ళ పొట్టా? ఈ తగువు ఎవరికి లాభం? మా ఇంట్లో పొద్దున్నే తల్లి బస్సెక్కుతుంది. కొడుకు ఆటో తీస్తాడు. ఆమె మిగిల్చిన టిక్కెట్టు డబ్బులు కొడుకు పోగొట్టుకున్న కిరాయిలో కలిసిపోతాయి. ఒకే గడపలో ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టారు. అక్టోబరు 4న ప్రభుత్వం సుమారు 2.9 లక్షల మంది డ్రైవర్లకు తలా 15 వేల రూపాయలిచ్చింది. వద్దనం. లెక్క మాత్రం వేస్తాం. ఏడాదికి 15 వేలంటే రోజుకు 41 రూపాయలు. అది సాయం. ప్లాను కాదు.

ప్లాను అంటే ఏమిటో మేం చెబుతాం. పెద్దరోడ్డు మీద బస్సు నడవాలి, బస్సు పోలేని సందులోకి ఆటో పోవాలి. ఇద్దరూ ఒకే రూటు మీద ఒకరి గొంతు ఒకరు పట్టుకోకూడదు. గిద్దలూరు, కనిగిరి, ఎర్రగొండపాలెం, పొదిలి వైపుల నుంచి మార్కాపురానికి వేళలు చెప్పి, ఆ వేళకు వచ్చే బస్సులు కావాలి. ఊళ్ళో స్టేషను, బస్టాండు, ఆసుపత్రి, కలెక్టరాఫీసు, పలకల ఫ్యాక్టరీల వాడలు కలుపుతూ చిన్నబస్సు తిరగాలి. బస్సు దిగిన మనిషి రెండడుగులేస్తే ఆటో దొరకాలి. ఆటోకు నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఉన్న స్టాండు కావాలి. అది ఎస్సైగారి దయ మీద కాకుండా మునిసిపాలిటీ హద్దురాళ్ళు పాతి ఇచ్చిన హక్కుగా ఉండాలి. కరెంటు ఆటోలు తెమ్మంటారా? తెస్తాం. మురికి పొగ మా ఊపిరితిత్తుల్లోకే ముందు పోతున్నది. కానీ ఆ మార్పు ఖర్చు ఫైనాన్సువాడి నూటికి ఇంత వడ్డీకి మమ్మల్ని వదిలేసి కాదు, సహకార బ్యాంకు అప్పుతో, సబ్సిడీతో జరగాలి. అన్నిటికంటే ముందు ఫుట్‌పాత్. ఈ ఊళ్ళో ఎక్కువమంది ఇప్పటికీ నడిచే పోతున్నారు. నడిచే మనిషికి మూడడుగుల చోటు ఇవ్వలేని ఊరికి రింగురోడ్డు ఎందుకు?

ఈ సందర్భంలోనే మా జమాత్ పెద్దలకూ ఒక మాట. ఆటో యూనియన్ల కుర్చీల్లో మీరున్నారు, మసీదు కమిటీల్లో మీరున్నారు. మన ఆడవాళ్ళ ప్రయాణం గురించి మీరెప్పుడు మాట్లాడారు? బస్సెక్కితే పర్దా చెడుతుందంటారు. బుర్ఖాలో చెమటలు కక్కుతూ మైలుదూరం ఎండలో నడిస్తే చెడదా? సాయంత్రం ఆరు తర్వాత దీపం లేని గల్లీలో, కుక్కల మధ్య, కాలేజీ నుంచి ఇంటికొచ్చే మన పిల్ల భయాన్ని ఏ తఖ్రీరులో ప్రస్తావించారు? వీధిదీపం అడగటం కూడా దీన్‌లో భాగమే. దూదేకుల, నూర్‌బాషా, ఫకీరు సాయిబుల వాడలకు ఆటో కూడా పోదు. అక్కడి మనుషుల్ని మనలో సగం మందిగా కూడా లెక్కపెట్టని షేకులూ సయ్యదులూ మనలోనే ఉన్నారు. దారి అడిగేటప్పుడు అన్ని వాడలకూ అడగాలి. లేకపోతే మనం ఆసాములకు నకళ్ళం అవుతాం.

దారి అందనిది ఒక్క మార్కాపురానికే కాదు. హైదరాబాదు మెట్రో చూడండి. మొదటి ప్లానులో జూబ్లీ బస్టాండు నుంచి ఫలక్‌నుమా దాకా ఒక లైను ఉంది. 2017లో మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో ఆ లైను ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి ఫలక్‌నుమా అయిదున్నర కిలోమీటర్లు. పాతబస్తీ ముక్కకు మళ్ళీ శంకుస్థాపన చేసింది 2024 మార్చిలో. మెట్రో హైటెక్ సిటీకి పోగలిగింది. చార్మినారు దగ్గరికి పోలేకపోయింది. ఇళ్ళు అడ్డమన్నారు, మసీదులూ గుళ్ళూ అడ్డమన్నారు, మా నాయకులే అడ్డమన్నారు. కారణాలు ఎన్నయినా చెప్పండి. చివరికి ఆగిపోయింది మాత్రం మా ముంగిట్లోనే.

అమెరికాలో నల్లవాళ్ళకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. 1955 డిసెంబరులో మాంట్‌గోమరీ నగరంలో రోజా పార్క్స్ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నది. ఆ తర్వాత 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. మరి పనికెట్లా పోయారు? నడిచారు. నల్ల టాక్సీవాళ్ళు తమ కిరాయి తగ్గించుకుని బస్సు టిక్కెట్టు ధరకే, పది సెంట్లకే, ఎక్కించుకున్నారు. నగర పాలకులు ఆ తక్కువ కిరాయి మీద దాడి చేశారు. అప్పుడు సొంత కార్లతో షేర్ బండ్లు నడిపారు. మన షేరాటో లాంటిదే. పౌరహక్కుల చరిత్రలో అంత పెద్ద గెలుపు వెనక పేరులేని డ్రైవర్లున్నారు. ఎక్కేవాళ్ళూ తోలేవాళ్ళూ ఒకటైతే ఏమవుతుందో అది చెబుతున్నది. మనదగ్గర ఆ ఇద్దరికీ తగువు పెట్టటానికి అంత ఉబలాటం ఎందుకో ఇప్పుడు అర్థమవుతున్నదా?

మన పక్క రాష్ట్రంలో తగువు ఇంకో దారి పట్టింది. 2022 ఏప్రిల్‌లో కర్ణాటకలో కొన్ని హిందూత్వ గుంపులు గుళ్ళకు పోయే భక్తులు ముస్లిం డ్రైవర్ల బండ్లు ఎక్కొద్దని పిలుపిచ్చాయి. మా ప్రాంతంలో త్రిపురాంతకం ఉంది. శ్రీశైలానికి తూర్పు వాకిలి అంటారు దాన్ని. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి ఉంది. తిరనాళ్ళకు జనాన్ని చేర్చే బండ్లలో సాయిబుల బండ్లు ఎన్నుంటాయో భక్తులకే తెలుసు. ఎక్కేటప్పుడు ఎవరూ నీ దేవుడెవరని అడగలేదు, కిరాయెంత అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో మేం ఇన్నాళ్ళూ కలిసి బతికాం. 'నీ దేవుడెవరు' అన్న ప్రశ్న బండి దగ్గరికొచ్చిన రోజు మా పొట్ట కొట్టటంతో ఆగదు. మీ పల్లెకు బండి రావటం కూడా ఆగుతుంది.

లౌకిక మిత్రులారా, మీతోనూ పేచీ ఉంది. మీ సభలకు జనాన్ని తోలటానికి మా ఆటోలు కావాలి. బందులకు మా ఆటోలు ఆగాలి. ర్యాలీలకు జెండాలు కట్టుకుని మా ఆటోలు ముందు నడవాలి. వేదిక మీద రవాణా గురించి, అభివృద్ధి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మాకు మైకు అందదు. మాకోసం ఇఫ్తార్ విందులో ఒక కుర్చీ, ఉర్దూ గురించి ఒక వాక్యం, కలహాలప్పుడు ఒక ఖండన ఉంచుతారు. రోడ్డూ నీళ్ళూ బడీ బస్సూ మీ విషయాలు, టోపీ గడ్డం తలాఖ్ మా విషయాలు. ఈ పంపకం ఎవరు చేశారు? వెలిగొండ నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగే హక్కు మాకెంతుందో, కంభం బస్సు ఎప్పుడొస్తుందని అడిగే హక్కూ అంతే ఉంది. మమ్మల్ని ముస్లింలుగా కాపాడతామంటారు. ప్రయాణికులుగా చూడండి ముందు.

ఇది మేం గాలిలోంచి అడగటం లేదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఊళ్ళో ఎవరు ఎక్కడ కూచుని అమ్ముకోవాలో తేల్చే కమిటీలో నూటికి నలభై మంది ఆ వ్యాపారులే ఉండాలని, వాళ్ళని వాళ్ళలోంచే ఎన్నుకోవాలని, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలని అందులో రాశారు. దళితులకూ, ఆదివాసులకూ, వెనకబడ్డ కులాలకూ, మైనారిటీలకూ, వికలాంగులకూ చోటుండాలన్నారు. తోపుడుబండికి ఆ న్యాయం కాగితం మీదన్నా ఉంటే, ఆటోకు ఎందుకు లేదు? బస్సు కోసం నిలబడే మనిషికి ఎందుకు లేదు? కొత్త జిల్లాలో రవాణా ప్లాను వేసే ముందు అట్లాంటి కమిటీ ఒకటి వేయమంటున్నాం. అందులో ఆటో నడిపేవాడు, బస్సు కండక్టరు, పలకల ఫ్యాక్టరీకి నడిచిపోయే ఆమె, కాలేజీ పిల్ల, కర్ర పట్టుకుని నడిచే ముసలాయన ఉండాలి. వాళ్ళు ఒప్పుకోని రూటు రూటు కాదు, వాళ్ళు చూడని ప్లాను ప్లాను కాదు. కలెక్టరాఫీసు ఎక్కడ కట్టాలన్న ప్రశ్నకు మొదటి జవాబు భూమి ధర నుంచి కాదు, బస్టాండు నుంచి నడక దూరం నుంచి రావాలి.

అప్పుడు మా పిల్లలు పంక్చర్లు మానేస్తారా? కొందరు మానేసి ఇంజనీర్లవుతారు, కావాలి కూడా. కొందరు ఆ కొట్లోనే ఉంటారు, ఉండొచ్చు కూడా. ఏ పని చేసినా తలెత్తుకుని చేసే ఊరు కావాలి మాకు. పంక్చరువాడి కూతురు దీపం వెలిగే దారిలో నడిచి, వేళకొచ్చిన బస్సెక్కి, కలెక్టరాఫీసు మెట్లెక్కే ఊరు కావాలి. అర్జీ పట్టుకునో, ఉద్యోగానికో, అది ఆమె ఇష్టం.

కొత్త జిల్లా మ్యాపు మార్కాపురంలో బల్ల మీద పరిచే రోజొస్తుంది. ఆ రోజు మమ్మల్ని పిలవండి. పిలవకపోయినా వస్తాం. ఈ ప్రాంతంలో ఏ దారి ఎటు పోతుందో, ఏ గుంత ఎక్కడుందో, ఏ పల్లెకు ఏ వేళ దాటితే బండి ఉండదో మీకంటే మాకే బాగా తెలుసు.